గుమ్మడికాయలో రూపాయి

మా మామ్మ ఏటా సంక్రాంతికి గుమ్మడికాయ దానమిచ్చేది. ఇందులో వింతేముంది, గోదావరి జిల్లాల్లో ఆ పండక్కి గుమ్మడికాయ చేతులు మారని వీధి ఉంటుందా అంటారేమో. వింత కాయలో లేదు, కాయ లోపల ఉండేది. తొడిమ పక్కన చిన్న ముక్క చెక్కి, ఆ గంటులో ఒక రూపాయి బిళ్ల దోపి, చెక్కిన ముక్కని మళ్లీ అతికించి, పైన ఇంత పసుపు మెత్తేది.

“ఇచ్చేదేదో చేతిలో పెట్టెయ్యక ఈ అవస్థంతా ఎందుకే మామ్మా?” అనడిగాను ఒకసారి. నాకప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్లు.

“చేతిలో పెడితే నేనిచ్చినట్టు ఆయనకి తెలుస్తుంది, ఆయన పుచ్చుకున్నట్టు నాకూ తెలుస్తుంది. రేపు వీధిలో ఎదురుపడితే ఇద్దరికీ ఆ రూపాయే జ్ఞాపకమొస్తుంది. కాయలో పెట్టాననుకో, వాళ్లింటికి ఇవాళ పది కాయలు చేరతాయి. ఎప్పుడో ఆవిడ కూరకి తరుగుతుంటే కత్తిపీటకి టంగుమని తగులుతుంది. ఏ ఇంటి కాయో ఏం తెలుసు? దేవుడిచ్చాడనుకుంటుంది. అనుకోనీ.”

దాన్ని గుప్తదానమంటారని పెద్దయ్యాక తెలిసింది. బి.ఏ.లో నేను ఫిలాసఫీ తీసుకున్నాను. ఆ మూడేళ్లలో నీతిశాస్త్రం గురించి మా లెక్చరర్లు ఎంతో చెప్పారు, నేనూ పరీక్షలో ఎంతో రాశాను. మామ్మ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదనే అనుకుంటాను. చెప్పొచ్చేదేమిటంటే, ఆ మాట వినడమైతే విన్నాను గానీ వంటబట్టించుకోలేదు. వంటబట్టించుకుని ఉంటే ఏడాది క్రితం నేను చేసిన పని చేసేదాన్ని కాదు.

మా ఊరి పేరు చెప్పను. అమలాపురానికీ రాజోలుకీ మధ్య, వైనతేయ పాయకి దగ్గర్లో ఉందని మాత్రం చెబుతాను. పేరెందుకు దాస్తున్నానో ఇది పూర్తయ్యేసరికి మీకే బోధపడుతుంది.

మా వీధిలో పద్నాలుగేళ్ల కుర్రవాడున్నాడు. వాళ్ల నాన్న కొబ్బరి దింపులు తీస్తాడు. అమ్మ మిషను కుడుతుంది. పెళ్లీడుకొచ్చిన అక్క ఒకతి. ఈ కుర్రవాడు చేతులు కడుక్కుంటాడు. అదీ ఒక విశేషమేనా అనకండి. కరోనా వచ్చిన 2020లో అందరం కడిగాం, వాడూ కడిగాడు. ఎంత బుద్ధిమంతుడో అని మేష్టర్లు మెచ్చుకున్నారు. మడీ ఆచారమూ పుట్టుకతోనే వచ్చాయని నాయనమ్మ మురిసిపోయింది. కరోనా పోయింది, కడుక్కోవడం పోలేదు. పుస్తకం ముట్టుకుంటే కడగాలి. తలుపు గడియ ముట్టుకుంటే కడగాలి. కడిగాక పంపు కట్టాలి గదా, పంపు ముట్టుకున్నాడు గనక మళ్లీ కడగాలి. చేతుల మీద తోలు చిట్లి నెత్తురు కారేది. “కోనసీమలో నీళ్లకి కరువా, కడుక్కోనివ్వండి” అని నవ్వినవాళ్లున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఒప్పుకుంటున్నాను.

చివరికి వాడు బడి మానేశాడు. బడిలో పంపులు తక్కువ, పిల్లలు ఎక్కువ.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. ఆంజనేయస్వామికి ప్రదక్షిణాలు చేయించారు, తాయెత్తు కట్టించారు, మసీదు దగ్గర ఊదించారు, చర్చిలో ప్రార్థన పెట్టించారు. ఏ దేవుణ్ణీ తక్కువ చెయ్యలేదు. ఆఖర్న మా ఊరి ఏ.ఎన్.ఎం. చెప్పగా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. అక్కడి డాక్టరు, ఇది పొగరూ కాదు, గాలీ కాదు, ఓసీడీ అనే జబ్బు, మందుతో కొంత, మాటతో కొంత తగ్గుతుందని చెప్పాడు.

మాటతో తగ్గడమంటే ధైర్యం చెప్పి పంపడమనుకున్నాను. కాదుట. దానికో పద్ధతుంది. సైకాలజిస్టు కుర్రవాడి పక్కన కూచుని, గడియ ముట్టుకోమంటారు. ముట్టుకున్నాక కడగొద్దంటారు. అయిదు నిమిషాలు, తరవాత పది, తరవాత అరగంట. భయం పెరుగుతుంది, పెరుగుతుంది, కడక్కపోయినా దానంతటదే దిగుతుంది. మన కాలవల్లో పోటుకెక్కిన నీరు పాటుకి దిగినట్టు. దిగుతుందని వాడి ఒంటికి తెలిసేదాకా, వారానికో గంట చొప్పున మూడు నాలుగు నెలలు ఇలా చెయ్యాలి.

ఇప్పుడు లెక్కకి రండి. ప్రభుత్వాసుపత్రిలో చీటీ ఉచితం, మందూ ఉచితం. కానీ మన దేశంలో లక్షమందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. పూటకి అంతమందిని చూడాల్సిన మనిషి ఒక్క పిల్లవాడికి గంటసేపు ఎక్కణ్ణించి తెస్తాడు? అందుకని ప్రైవేటు. గంటకి వెయ్యి రూపాయలు. కాయ పది రూపాయలు పలికిన నాడు వంద కాయలు. చెట్టుకి పది కాయలు దిగినా పది చెట్లెక్కాలి. పోనీ ఆ కాయలు ఆ తండ్రివా? ఆయనకొచ్చేది చెట్టెక్కిన కూలే. పైన బస్సు ఖర్చులు, తల్లికి ఒక రోజు కుట్టుపని పోవడం. నాలుగు వారాలు వెళ్లారు, మానేశారు.

ఈ సంగతంతా ఆ తల్లి నాకు జాకెట్టు కొలతలు తీస్తూ, టేపు మెళ్లో వేసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. నేను నవలలు రాసే మనిషిని. కష్టం వింటే ఊరుకోలేను. ఊరుకోవడం కూడా ఒక్కోసారి సాయమేనని అప్పటికి తెలీదు.

ఆ వారమే మా ఇంట్లో చీటీపాట. పద్దెనిమిదిమంది ఆడవాళ్లు చేరారు. కాఫీలయ్యాక లేచి నిలబడి, ఫలానావాళ్ల అబ్బాయికి ఫలానా జబ్బు, మనం తలా కాస్తా వెయ్యాలి అని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. బాగానే మాట్లాడాననుకోండి, ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. పావుగంటలో ఏడువేల రెండువందలు పోగయ్యాయి. కవరులో పెట్టి ఆ సాయంత్రమే ఆవిడ చేతికిచ్చి వచ్చాను. ఆ రాత్రి నేనే డొక్కా సీతమ్మగారినన్నంత హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు చీకటి పడ్డాక దొడ్డి గుమ్మం దగ్గర అలికిడైంది. ఆవిడే. కవరు గట్టు మీద పెట్టింది.

“ఇది వద్దండి అక్కగారండీ.”

“అదేమిటమ్మా? పిల్లాడి వైద్యానికి గదా?”

“ఆయ్. మీరు మంచికే చేశారండి. నాకు తెల్సండి.” కొంచెంసేపు ఊరుకుంది. “మా పాపకి సంబంధాలు చూస్తన్నావండి. మొన్నటిదాకా మావోడు బడి ఎగ్గొట్టే గాడిదండి. ఈవేళ పిచ్చోడైపోయాడండి. గాడిద అక్కనైతే ఎవరో ఒకరు చేసుకుంటారండి. పిచ్చోడి అక్కనెవరు చేసుకుంటారండి?”

తిట్టిపోసినా బాగుండేది. ఆవిడ తిట్టలేదు. నా జాకెట్టు కుట్టి పెట్టాననీ, పొద్దున్న పంపిస్తాననీ చెప్పి వెళ్లిపోయింది. కవరు రెండు రోజులు అక్కడే ఉంది. తియ్యడానికి నాకు చేతులు రాలేదు.

నేను చేసిన తప్పేమిటి? అబద్ధం చెప్పలేదు. దొంగతనం చెయ్యలేదు. చెడు కోరలేదు. ఒక గుమ్మడికాయని నలుగురి మధ్యా బద్దలుకొట్టి, ఇదిగో ఇందులో రూపాయి ఉంది చూడండి అన్నాను. అంతే.

అసలు ప్రశ్న ఇక్కడుంది. సాయం చేసే మనిషికి ఏమేం తెలుసుకునే హక్కుంది? పుచ్చుకునే మనిషికి ఏమేం దాచుకునే హక్కుంది?

మావారు బ్యాంకు మనిషి. ఆయన మాట ఆయనది. “నలుగురి డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు ఎవరికి, ఎందుకు అని చెప్పొద్దూ? గుండెకి చిల్లుందంటే పేపర్లో పిల్లాడి ఫొటో, అకౌంటు నంబరూ వేస్తారు. లోకం చేయిస్తుంది. దాన్నెవరూ తప్పనరే?” అన్నారు. నిజమే మరి. కానీ గుండెకి చిల్లున్న పిల్లాడి అక్కకి పెళ్లి ఆగిపోదు. మనసుకి చిల్లుంటే ఆ ఫొటో పిల్లాడి ఒక్కడిదీ కాదు, ఇంటిల్లిపాదిదీను. సాయం కోసం చూపించాల్సిన గాయమే, చూపిస్తే ఇంకో గాయమవుతుంది.

పైకి కనిపించే నష్టానికి లెక్క కట్టడం మనకి తెలుసు. 1996 నవంబరు 6 తుపానునాటికి నేను ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. మన కోనసీమవాళ్లకి ఆ రాత్రి గురించి వేరే చెప్పక్కర్లేదు. వెయ్యిమందికి పైగా పోయారు. తెల్లవారాక అధికారులొచ్చి పడిపోయిన చెట్లు లెక్కపెట్టారు, ఎగిరిపోయిన ఇళ్లు లెక్కపెట్టారు. నా క్లాసులో ఒక అమ్మాయి, ఆ తరవాత గాలి కాస్త గట్టిగా వీస్తే బల్లకింద దూరేది. దాన్ని ఏ రిజిస్టర్లోనూ రాసుకోలేదు. రాయించుకోవాలని మాకూ తట్టలేదు. పిరికిది అన్నాం, ఊరుకున్నాం. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గ్యాస్ పైపు పేలినప్పుడు కూడా నాకు ఆ అమ్మాయే జ్ఞాపకమొచ్చింది. ఆ మంట చూసిన పిల్లలకి రాత్రిళ్లు ఎవరు తోడు పడుకుని ఉంటారో అనుకున్నాను.

అన్నట్టు, సీతమ్మగారి పేరు ఊరికే వాడుకున్నాను, ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. 1841లో పుట్టి 1909లో పోయిన ఆ ఇల్లాలు లంకల గన్నవరంలో, పాయ దాటి వచ్చిన ప్రతివాడికీ వేళకాని వేళ కూడా అన్నం పెట్టింది. ఒకసారి అంతర్వేది ప్రయాణమై వెళుతూ, ‘సీతమ్మగారింటికి చేరితే అన్నం దొరుకుతుంది’ అని దారినపోయేవాళ్లు పిల్లలకి చెప్పుకోవడం విని, దర్శనం మానుకుని వెనక్కి తిరిగిందని మనవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. 2024లో బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టారు. నేను ఆలోచించినకొద్దీ ఆవిడ గొప్పతనం పెట్టడంలో కంటే అడక్కపోవడంలో ఎక్కువ కనిపించింది. నీదే ఊరు, నీదే కులం, నీకెందుకు లేకపోయింది అని అడగలేదు. ఆకలి అందరికీ ఉండేదే గనక అడగాల్సిన పని లేకపోయింది.

మరి మనసుకొచ్చే జబ్బు అందరికీ ఉండేది కాదా? నిమ్హాన్స్ వాళ్లు 2015, 16 సంవత్సరాల్లో 12 రాష్ట్రాల్లో సర్వే చేశారు. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో నూటికి 7.3 మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉందని తేలింది. నలభైమంది ఉన్న క్లాసులో ముగ్గురన్నమాట. మన రాష్ట్రం ఆ 12లో లేదు. అంతమాత్రాన మన పిల్లలు వేరే మట్టితో చేసినవాళ్లు కారు గదా. క్లాసుకి ముగ్గురున్నారంటే ఇది వింత కాదు, రహస్యమూ కాదు. ప్రతి ఇల్లూ తన ఒక్క ఇంట్లోనే ఉందనుకుంటోంది, అదీ తంటా.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదనను. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం రోగి సంగతి గోప్యంగా ఉంచడం వాళ్ల హక్కని 23వ సెక్షన్లో రాసింది. చూశారా, మామ్మ పసుపు మెత్తి చెప్పిన సంగతే. ఒంటి జబ్బుకి ఇచ్చినట్టే మనసు జబ్బుకీ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్లో ఉంది. ఉంది గానీ, మామూలు పాలసీలు చాలామటుకు ఆసుపత్రిలో మంచమెక్కితేనే డబ్బిస్తాయి. వారానికో గంట కుర్చీలో కూచుని మాట్లాడే వైద్యానికి మంచమెక్కడిది? ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం వంటివి ఉన్న పిల్లలకి నేషనల్ ట్రస్టు వారి ‘నిరామయ’ అనే బీమా ఉంది. లక్ష రూపాయల దాకా ఇస్తుంది, థెరపీలకీ వర్తిస్తుంది. అటువంటి బిడ్డ ఉన్నవాళ్లు తప్పక కనుక్కోండి. ఓసీడీ ఆ జాబితాలో లేదు. 2022 అక్టోబరు 10న మొదలైన ‘టెలీ మానస్’ ఉంది. 14416 నంబరుకి డబ్బు లేకుండా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. దారి తోచని రాత్రి అది పెద్ద దిక్కు. కానీ పక్కన కూచుని గడియ ముట్టించే మనిషి ఫోనులోంచి రాడు. ఇన్ని మెట్లున్నాక కూడా మధ్యలో ఒక మెట్టు ఖాళీగా మిగిలింది. మా కుర్రవాడు సరిగ్గా అక్కడ ఆగిపోయాడు.

ఇదే గొడవ లోకంలో ఇంకెవరికైనా వచ్చిందా అని పుస్తకాలు తిరగేస్తే యూదులు కనిపించారు. యూదులనగానే ఎక్కడో ఇజ్రాయెల్, అమెరికా అనుకుంటాం గానీ, మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిం’ అని తెలుగు మాట్లాడే చిన్న యూదు సమాజం ఉంది. సరే, ఆ లండన్, న్యూయార్కుల్లో ఆచారం గట్టిగా పాటించే యూదుల పేటల్లో పెళ్లిళ్లు ఇప్పటికీ మధ్యవర్తులే కుదురుస్తారు. ఒక బిడ్డకి మనసు బాగాలేదంటే మిగతా బిడ్డల సంబంధాలు చెడతాయని ఇంటిల్లిపాదీ నోరు కట్టేసుకుంటారు. చదువుతుంటే మా వీధి చదువుతున్నట్టే ఉంది. వాళ్లలోనూ పిల్లల థెరపీ ఫీజులు కట్టలేని కుటుంబాల కోసం నిధులు పెట్టుకున్న సంఘాలున్నాయి. వడ్డీ లేకుండా అప్పిచ్చే సంఘమైతే న్యూయార్కులో 1892 నుంచీ ఉంది. పేరు బయటపడకుండా సాయం అందించడం వాళ్లకి ఎంతో పాతకాలం నుంచి ఉన్న పట్టింపు.

ఆ పట్టింపుకి మెట్లు కట్టి చూపించినవాడు మైమోనిడీస్ అనే 12వ శతాబ్దపు యూదు పండితుడు. దానంలో ఎనిమిది మెట్లున్నాయన్నాడు. అన్నిటికంటే కింద, మూలుగుతూ ఇచ్చేవాడు. పైకెళ్లేకొద్దీ ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ ఒకరికొకరు కనిపించకుండా పోతారు. పూర్వం పెద్దలు కొందరు ఉత్తరీయం కొంగున నాణేలు మూటకట్టి వీపు వెనక్కి వేసుకుని నడిచేవారట, పేదవాళ్లు వెనకనుంచి తీసుకోవడానికి. వెనక్కి తిరిగి చూడకపోవడమే అక్కడ దానం. రెండో మెట్టు మీద, ఇచ్చిందెవరో పుచ్చుకున్నదెవరో ఇద్దరికీ తెలీదు. మామ్మ గుమ్మడికాయ దానికి ఒక్క మెట్టు కింద నిలుస్తుంది. మొదటి మెట్టు ఏమిటంటే, మనిషి మళ్లీ చెయ్యి చాపక్కర్లేకుండా తన కాళ్లమీద నిలబడేటట్టు చెయ్యడం.

ఇంకో సంగతి. ఈయన వైద్యుడు కూడాను. సలాదీన్ సుల్తాను కొడుకు అల్ అఫ్దల్ దిగులు జబ్బుతో తీసుకుంటుంటే, ఆ రాజకుమారుడికి ఆరోగ్యం గురించి ఒక పుస్తకమే రాసిచ్చాడు. ఒంటితోబాటు మనసునెలా చూసుకోవాలో అందులో చెప్పాడు. రాజకుమారుడికి దిగులేస్తే అంతటి వైద్యుడు దొరికాడు. దింపు తీసేవాడి కొడుక్కి దొరికేదెలా? వైద్యమూ దానమూ రెండూ తెలిసిన ఆ మనిషి రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టుకుంటే నాకు జవాబు కొంచెం కొంచెంగా కనిపించింది.

అయితే ఇక్కడ నా స్నేహితురాలొకతె అడ్డుపడింది. హైస్కూల్లో టీచరు. “రహస్యం, రహస్యం అంటూ నువ్వు దాన్ని మళ్లీ చీకటిగదిలోకే తోస్తున్నావు. అందరూ దాచడం వల్లే గదా సిగ్గుచేటైంది?” అంది. ఆ మాటకి రెండు రోజులు జవాబు దొరకలేదు. దొరికాక ఇంత చిన్నదా అనిపించింది. దాచాల్సింది పిల్లవాడి పేరు. దాచకూడనిది జబ్బు పేరు. నేను రెండోది చెప్పబోయి మొదటిది చెప్పేశాను.

అందుకని మా బళ్లో ఒక డాక్టరుగారి చేత అందరు పిల్లలకీ, తల్లిదండ్రులకీ కలిపి మాట్లాడించాం. ఓసీడీ అంటే ఏమిటి, దిగులంటే ఏమిటి, భయం జబ్బెప్పుడవుతుంది అని. పిల్లల్ని పేర్లు రాయకుండా చీటీల మీద ప్రశ్నలు రాసి డబ్బాలో వెయ్యమన్నాం. ఒక చీటీలో, ‘అమ్మ కువైట్ నుంచి ఫోను చేస్తే నాకు మాట రాదు, ఎందుకు?’ అని ఉంది. కోనసీమలో అమ్మ గల్ఫులోనూ తను అమ్మమ్మ దగ్గరా ఉన్న పిల్లలు ఎంతమందో! ఎవరి చీటీయో మాకు తెలీదు. జవాబు మాత్రం అందరూ విన్నారు.

ఇక డబ్బు. రిటైరైన హెడ్మాస్టరుగారొకరు తన పెరటి మూల చూపించారు. రెండు నెలలకోసారి దింపు అయినప్పుడు ఎవరికి తోచినన్ని కాయలు వాళ్లు అక్కడ పడేసి పోవాలి. ఎవరెన్ని వేశారో రాయరు. ఆయన అమ్మి, ఆ డబ్బుతో సైకాలజిస్టు దగ్గర ముందుగానే గంటలు కొనిపెడతారు. అక్కణ్ణించి వచ్చే రసీదులో గంటలే ఉంటాయి, పేర్లుండవు. “లెక్క గంటలకి చూసుకోండి, పిల్లలకి కాదు” అంటే మావారు కాసేపాలోచించి, ఆడిట్‌కి అదీ సరిపోతుందన్నారు. ఎవరికి అవసరమో ఏ.ఎన్.ఎం.కి తెలుస్తుంది. ఆవిడ వెళ్లి, ‘అక్కడ గంటలు కట్టేసి ఉన్నాయి, వాడుకోండి’ అని ఒక్క మాట చెప్పి వస్తుంది. ఏ బిడ్డ వెళ్లిందో మాకెవరికీ చెప్పదు.

మొదట్లో ఒకాయన, మన కులం పిల్లలవరకూ చేసుకుందామన్నాడు. హెడ్మాస్టరుగారు కోపగించుకోలేదు. “చిన్న కుప్పలో ఎవరి కాయ ఏదో తెలిసిపోతుందండీ. పెద్ద కుప్పలోనే దాగుతుంది. కులం చిన్న కుప్ప, ఊరు పెద్ద కుప్ప” అన్నారు. నీతి చెబితే వినని మనిషి లెక్క చెబితే విన్నాడు.

నా మొదటి తప్పు దీంతో చెరిగిపోయిందనుకోకండి. ఆ పద్దెనిమిదిమందికీ ఆ పేరు తెలుసు. మళ్లీ ఒక్కొక్కరింటికీ వెళ్లి, నేను అనకూడని మాటన్నాను, దయచేసి మీ దగ్గరే ఆపెయ్యండని అడిగాను. ఆపారో లేదో! మొన్నొకావిడ సంబంధం తరఫున ఎంక్వయిరీకని మా ఇంటికొచ్చింది. “అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు, పని తెలిసినది” అన్నాను. “తమ్ముడి సంగతేదో విన్నాం” అంది. “చదువుకుంటున్నాడు. మిగతా సంగతులు వాళ్ల ఇంట్లోవాళ్లు చెప్పాలి, నేను కాదు” అన్నాను. అబద్ధమాడలేదు. కానీ ఆ జవాబులోనే సగం చెప్పేశానేమోనని ఆ రాత్రంతా నిద్ర లేదు. పిల్లనిచ్చిపుచ్చుకునేవాళ్లకి తెలుసుకునే హక్కు లేదా అంటే ఉండొచ్చు. చెప్పే హక్కు మాత్రం నాది కాదు. ఇంతవరకే నాకు తెలిసింది. మీరైతే ఏమనేవారో చెప్పండి.

కుర్రవాడు బడికెళుతున్నాడు. ఎవరి గంటలతో వైద్యం జరిగిందో నేను అడగలేదు. పూర్తిగా తగ్గిందనీ చెప్పలేను. మా గేటు గడియ తీసి, ఒక్క క్షణం తన వేళ్లవంక చూసుకుని, చొక్కాకి తుడుచుకోకుండా వెళ్లిపోవడం మాత్రం కిటికీలోంచి చూశాను. పోటు వచ్చి పాటుకి దిగడం నేను కళ్లారా చూసింది ఆ ఒక్కసారే.

మొన్నటి దింపప్పుడు హెడ్మాస్టరుగారి పెరట్లో ఉన్నాను. ఆ తల్లి సంచిలో నాలుగు కాయలు పట్టుకొచ్చింది. వాళ్లకి ఒక్క చెట్టు లేదు. కొనుక్కొచ్చిందన్నమాట. వద్దనబోయి, నాలుక కరుచుకున్నాను. దానం పుచ్చుకుని బతికేవాడు కూడా అందులోంచి పిసరంత దానం చెయ్యాలని ఆ యూదు పెద్దల నియమం. అది పేదవాడి మీద వేసిన పన్ను అనుకున్నాను చదివినప్పుడు. కాదు, అతన్ని ఇచ్చేవాళ్ల వరసలో నిలబెట్టడం. వద్దంటే మళ్లీ ఆవిణ్ణి కింది మెట్టు మీదికి నేనే తోసినట్టు.

“ఎవరిచ్చారో తెలీదు కదండీ అక్కగారండీ,” అంది కాయలు దించుతూ. “అందుకని ఎవరు కనపడ్డా నవ్వేస్తన్నానండి. ఊరందరికీ నవ్వుతావేంటని మా ఆయన ఒకటే గొడవండి.”

నేనూ నవ్వాను. కాయలు కుప్పమీద పడి దొర్లాయి. సాయంత్రం వెళ్లి చూస్తే, వాటిలో ఆవిడవి ఏవో నాకు ఆనవాలు దొరకలేదు.